విరేచనాల్లో తాగించే ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయానికి పేరు మార్చారు, నారింజ బొమ్మ మాత్రం అలాగే ఉంది. ఇది సబబేనా?

కాకినాడ అమ్మమ్మ:
అందరికీ నమస్కారం. 2025 మే నెలలో మా మూడేళ్ల మనవడికి నీళ్ల విరేచనాలు పట్టుకున్నాయి. అమ్మాయీ అల్లుడూ ఊళ్లో లేరు. నేనే వీధి చివరి మందుల షాపుకు వెళ్లి "ఓఆర్‌ఎస్ ఇవ్వు బాబూ" అన్నాను. స్ట్రా గుచ్చి తాగే డబ్బాలు నాలుగు ఇచ్చాడు. ముందువైపు ఓఆర్‌ఎస్ అని పెద్ద అక్షరాలు, పక్కన సగానికి కోసిన నారింజ, దాని మీద నీటి చుక్కలు. పిల్లవాడు ఇష్టంగా తాగాడు. తాగేకొద్దీ విరేచనాలు ఎక్కువయ్యాయి. రెండో రాత్రికి కళ్లు లోపలికి పోయాయి, ఏడుస్తుంటే కన్నీళ్లు రాలేదు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు.

డాక్టరమ్మ ఖాళీ డబ్బా తిప్పి చూపించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్‌ఎస్ ఇది కాదని కంపెనీ వాళ్లే చీమ తలకాయంత అక్షరాల్లో రాసుకున్నారు. 200 మిల్లీలీటర్లకు 24 గ్రాముల చక్కెర. నా చేత్తో నేనే పట్టించాను కదా అని ఇప్పటికీ నిద్రపట్టదు.

మొన్న అదే షాపులో అదే డబ్బా కనిపించింది. పేరులో ఓఆర్‌ఎస్ పోయింది. రంగు అదే, నారింజ అదే, పెట్టిన అర కూడా అదే. పేరు తీసేస్తే సరిపోతుందా?

గుంటూరు ఫార్మసిస్టు:
అమ్మా, ఆ డబ్బాలు నేనూ అమ్మాను. ఓఆర్‌ఎస్‌కు ముందో వెనకో ఇంకో మాట చేర్చి, ఇది అసలు ఓఆర్‌ఎస్ కాదని రాస్తే చాలు, ఆ అక్షరాలు పేరులో వాడుకోవచ్చని దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 జులైలో ఒప్పుకుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆ అనుమతులు రద్దయ్యాయి. మీరు చూసిన కొత్త పేరు అందుకే వచ్చి ఉంటుంది. ఇప్పుడు మా షాపులో ఆ డబ్బాలు శీతల పానీయాల పక్కనే ఉంటాయి.

వరంగల్ నర్సు:
లీటరు అసలు ఓఆర్‌ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములే, ఉప్పు 2.6 గ్రాములు. మీరు చెప్పిన డబ్బా లెక్కన లీటరుకు 120 గ్రాముల చక్కెర. అంత చక్కెర పేగుల్లోకి వెళితే ఒంట్లోని నీటిని అటే లాగుతుంది. విరేచనాలు పెరిగింది అందుకే. తప్పు మీది కాదు. ఇక మీదట లీటరు నీళ్లకు సరిపడే ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టే అడగండి, మొత్తం పొడిని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి 24 గంటల్లోపు వాడండి. మీ ప్రాంత ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం దగ్గర ఉచితంగా దొరుకుతుంది.

సూర్యాపేట పాఠకుడు:
వెనుక రాసే ఉంది కదండీ. కొనేవాళ్లు చదువుకోవాలి.

కాకినాడ అమ్మమ్మ:
బాబూ, పిల్లవాడు చేతుల్లో వాలిపోతుంటే డబ్బా వెనుక ఎవరు చదువుతారు? నిజం వెనుక రాసేవాళ్లు ముందు కూడా రాయవచ్చు. అక్కడ నారింజకు చోటు దొరికింది, నిజానికి దొరకలేదా?

హైదరాబాద్ న్యాయవాది:
అమ్మ గారి ప్రశ్నకు జవాబు చట్టంలోనే ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం డబ్బా మీది లేబులు, పైకాగితం కూడా ప్రకటనే. బొమ్మతో తప్పుదోవ పట్టించినా ఫిర్యాదు చేయవచ్చు. తయారీదారుకు మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేసే అధికారం ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. డబ్బా నాలుగు వైపులా ఫొటోలు తీసి, బిల్లు దాచండి.

కాకినాడ అమ్మమ్మ:
బిల్లు కోసమే ఈ సాయంత్రం మళ్లీ వెళ్లి ఒక డబ్బా కొన్నాను. షాపు అబ్బాయికి నర్సమ్మ చెప్పిన లెక్క వినిపించాను. ఆ అర ఖాళీ చేసి పొడి ప్యాకెట్లు పెట్టాడు. రేపు పొద్దున 1915కు ఫోను చేస్తాను.