యాంప్లిఫయర్ మారిస్తే నాదం మారుతుందా?

బ్రాడీపేట రిపేరు (గుంటూరు):
పాతికేళ్ళుగా యాంప్లిఫయర్లు బాగుచేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. లోపం లేని రెండు ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్లను వాటి శక్తికి లోబడి మోగించి, శబ్ద స్థాయిని సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపిస్తే ఎవరూ పోల్చుకోలేరు. అమెరికాలో కారు ఆడియో నిపుణుడు రిచర్డ్ క్లార్క్ ఇటువంటి షరతులతోనే 10,000 డాలర్ల పందెం కట్టారు. చాలామంది ప్రయత్నించినా ఆ సొమ్ము ఎవరికీ దక్కలేదు. స్పీకర్లకు పెట్టవలసిన డబ్బును జనం యాంప్లిఫయర్ల మీద పోస్తున్నారు.

సత్యనారాయణపురం వయొలిన్ (విజయవాడ):
అయ్యా, నేను ముప్పై ఏళ్ళుగా వయొలిన్ సాధన చేస్తున్నాను. తంబూర తీగ కింది నూలుపోగు వెంట్రుకవాసి జరిగినా నాదం మారిందని గుర్తుపట్టే చెవి నాది. కిందటి నెల పాతది తీసి కొత్త యాంప్లిఫయర్ పెట్టగానే, తంబూర రికార్డింగులో పంచమం మీటిన తరువాత ఆ నాదం మెల్లగా కరిగిపోయే తీరు మొదటిసారి స్పష్టంగా వినబడింది. దీన్ని కాదనడానికి మీ దగ్గర ఏముంది?

పటమట శ్రోత:
రెండింటి స్థాయినీ సమానం చేశారా అండీ?

సత్యనారాయణపురం వయొలిన్:
చేశాను. రెండింటి వాల్యూమ్ నాబ్‌నూ సరిగ్గా సగం దగ్గరే ఉంచాను.

బ్రాడీపేట రిపేరు:
అసలు పొరపాటు అక్కడే జరిగింది. నాబ్ సగం దగ్గర ఉన్నంత మాత్రాన రెండూ ఒకే వోల్టేజీ ఇవ్వవు. స్పీకర్ టెర్మినళ్ళ దగ్గర మల్టీమీటర్ పెట్టి, ఒకదానికి 2.83 వోల్టులు వస్తే రెండోదానికీ అంతే వచ్చేలా తిప్పాలి. తేడా 0.1 డెసిబెల్ (శబ్ద స్థాయి కొలత) దాటకూడదు, అంటే వోల్టేజీలో దాదాపు ఒక శాతమే. అర డెసిబెల్ పెరిగితే మనకు శబ్దం పెరిగినట్లు తోచదు, నాదం తేటపడినట్లు తోస్తుంది.

సత్యనారాయణపురం వయొలిన్:
మీరు నాబ్‌నే పట్టుకుని వేలాడుతున్నారు. నేను మాట్లాడుతున్నది తంబూర గురించి.

కొత్తపేట వాల్వు (గుంటూరు):
ట్రాన్సిస్టర్లకు బదులు గాజు వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే వాల్వు యాంప్లిఫయర్ల సంగతేమిటి? నా దాని అవుట్‌పుట్ నిరోధం సుమారు 2 ఓములు. స్పీకర్ నిరోధం ఒక స్వరం దగ్గర 4 ఓములకు దిగి, మరొక చోట 20కి ఎక్కితే, వోల్టేజీని ఈ రెండు నిరోధాలూ పంచుకుంటాయి కనుక, ఆ రెండు చోట్ల మధ్య రెండున్నర డెసిబెళ్ళకు పైగా తేడా వస్తుంది. అది ఎవరి చెవికైనా తెలుస్తుంది.

బ్రాడీపేట రిపేరు:
నిజమే. అందుకే మొదటి వాక్యాల్లోనే ట్రాన్సిస్టర్ అన్నాను.

సత్యనారాయణపురం వయొలిన్:
అంటే తేడా ఉందని ఒప్పుకున్నట్లే! ఎప్పటికప్పుడు కొత్త షరతు చేర్చుకుంటూ పోతే మీరు ఎన్నటికీ ఓడిపోరు.

బ్రాడీపేట రిపేరు:
నేనేమీ కొత్తగా చేర్చలేదు. నా కోపానికి కారణం వేరే ఉంది. ఒక రిటైరైన మాస్టారు పాట మసకగా ఉందని దుకాణదారుడి మాట విని తొంభై వేలు పోసి యాంప్లిఫయర్ కొన్నారు. మసక తగ్గక నా దగ్గరికి వస్తే స్పీకర్ విప్పి చూశాను: ట్వీటర్ (హెచ్చు స్వరాలు పలికే చిన్న స్పీకర్) కాయిల్ తెగిపోయి ఉంది. కొన్ని వందల రూపాయలతో పోయేదానికి ఆయన పొదుపంతా పోయింది.

సత్యనారాయణపురం వయొలిన్:
నన్నూ ఆ మోసపోయినవారి వరసలోనే నిలబెడుతున్నారు. ఏది మోగుతోందో చెప్పలేకపోతే నా ముప్పై ఏళ్ళ సాధన అబద్ధమైపోతుందా? నాకు బాధ కలిగిస్తున్నది యాంప్లిఫయర్ కాదు, ఆ మాట.

బ్రాడీపేట రిపేరు:
మీ చెవిని నేను శంకించడం లేదు, కొత్త పెట్టెను చూసిన కంటిని శంకిస్తున్నాను. శ్రుతి చేసేటప్పుడు మీరు కళ్ళు మూసుకోరా?

సత్యనారాయణపురం వయొలిన్:
మూసుకుంటాను, కానీ అప్పుడు నన్నెవరూ తొందరపెట్టరు. అర నిమిషం ముక్కలు మార్చి మార్చి వినిపిస్తే అది వినడం కాదు.

బ్రాడీపేట రిపేరు:
అలాగైతే వారం రోజులు తీసుకోండి. రెండింటినీ తెర వెనుక పెట్టి, ఇంట్లో ఎవరినైనా మీకు చెప్పకుండా రోజూ మార్చమనండి. మీరు కాగితం మీద రాసుకోండి.

సత్యనారాయణపురం వయొలిన్:
ఒప్పుకుంటున్నాను. పరీక్ష మా ఇంట్లో, నా స్పీకర్ల మీద, నేను ఎంచుకున్న తంబూర రికార్డింగుతో జరగాలి. స్థాయి సరిచూసే మల్టీమీటర్ మాత్రం మీ చేతిలో కాక పటమటవారి చేతిలో ఉండాలి.

పటమట శ్రోత:
ఆదివారం ఉదయం తెస్తాను.