డిపాజిట్ కోసం ఎవరిని పట్టుకోవాలి: ఏజెన్సీనా, ఓనర్‌నా? (చంద్రపూర్)

తుకుం కోడలు
చంద్రపూర్ తుకుంలో ఒక ఏజెన్సీ ద్వారా ఇల్లు కిరాయికి తీసుకున్నాం. కిరాయి 9,000, డిపాజిట్ 27,000. ఏజెన్సీకి కమీషన్ ఒక నెల కిరాయి వేరే. మా ఆయనకు మంచిర్యాల బదిలీ అయితే ఖాళీ చేశాం. ఏజెన్సీ కుర్రాడు వచ్చి, ఫోన్ లైటు వేసి మరీ గోడల మీద మేకుల బెజ్జాలు లెక్కపెట్టాడు. కిటికీ జాలీ మీద వేలు రాసి నల్లటి మసి నాకే చూపించాడు. పెయింటింగుకు 8,500, క్లీనింగుకు 2,500, నెల ముందు నోటీసు ఇవ్వలేదని ఇంకో 9,000 కోసి, 7,000 చేతిలో పెడతామన్నారు. తీసుకోలేదు.

ఆ మసి సంగతి తుకుం వాళ్లకు నేను చెప్పాలా! థర్మల్ స్టేషన్ ఆ పక్కనే. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ వేలికి అంటుతుంది. నోటీసంటారా, ఖాళీ చేస్తున్నామని నెలకు ముందే వాట్సాప్‌లో పెట్టాను, నీలం టిక్కులు కూడా పడ్డాయి. ఓనర్ హైదరాబాద్‌లో ఉంటారు. ఫోన్ చేస్తే "అంతా ఏజెన్సీ వాళ్లే చూస్తారమ్మా" అంటారు. ఏజెన్సీనడిగితే "ఓనర్ ఒప్పుకోవట్లేదు". నేను ఏజెన్సీ మీద పోదామంటున్నా, మా ఆయన ఓనర్‌ని వదలొద్దంటున్నారు. మీరేమంటారు?

ప్రాణహిత ఒడ్డు
మీ ఆయన మాటే కరెక్టు అక్కా. కరారునామా ఎవరి పేరున ఉంది? ఓనర్ పేరున. మధ్యలో ఉన్నవాడు ఓనర్ తరఫున చేశాడంతే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 230వ సెక్షన్ ప్రకారం ఏజెంటు తన యజమాని తరఫున చేసిన ఒప్పందానికి మామూలుగా సొంతంగా బాధ్యుడు కాడు. ఏజెన్సీ చుట్టూ తిరిగితే చెప్పులు అరగడం తప్ప ఏమీ ఉండదు.

బల్లార్షా భాయ్
ఇదంతా ఎందుకు? ఆఖరి మూడు నెలల కిరాయి ఆపేస్తే అయిపోయేది. "డిపాజిట్‌లో కట్ చేసుకోండి" అని ఒక మెసేజ్ కొట్టడం, సామాను సర్దుకోవడం. మా కాలనీలో అందరూ చేసేది ఇదే. పైసలు వాళ్ల చేతిలో ఉన్నంతసేపు మనం బతిమాలాలి, మన చేతిలో ఉంటే వాళ్లే వస్తారు.

ఇల్లు నాదే
అలా చేసిన కిరాయిదారు నాకు తగిలాడు భాయ్. నేను కరీంనగర్‌లో ఉంటాను, ఇల్లు రాజురాలో. మూడు నెలలు కిరాయి ఆపి వెళ్లిపోయాడు. తీరా చూస్తే కరెంటు బిల్లు బాకీ, బాత్రూం తలుపు విరిగి ఉంది. డిపాజిట్ ఉన్నది అలాంటి వాటికే కదా, దాన్ని కిరాయిలో జమ చేసుకుంటే మాకు మిగిలేదేంటి? అందుకే ఊళ్లో లేని మాలాంటివాళ్లు ఏజెన్సీకి అప్పజెప్తారు. ఓనర్లంతా దొంగలన్నట్టు మాట్లాడకండి.

కచేరీ గుమాస్తా
భాయ్ సలహా పాటిస్తే కిరాయి ఎగ్గొట్టాడన్న మాట కిరాయిదారు మీదికే వస్తుంది. డిపాజిట్‌ని కిరాయికి జమ చేసుకోవచ్చని కాగితంలో రాసి ఉంటే తప్ప ఆ పని చేయొద్దు. ఇక అక్కా, అసలు ప్రశ్న: మీ కరారు రిజిస్టర్ అయిందా, లేక నోటరీ ముద్ర ఒక్కటే ఉందా? మహారాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం, 1999లో 55వ సెక్షన్ చూడండి. కిరాయి ఒప్పందమైనా, లీవ్ అండ్ లైసెన్స్ (ఇంట్లో ఉండటానికి అనుమతి మాత్రమే ఇచ్చే కరారు) అయినా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. ఆ బాధ్యత ఇంటి ఓనర్‌దే. చేయించకపోతే మూడు నెలల దాకా జైలు, లేదా 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. అంతకంటే మీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. రిజిస్టర్ కాని చోట షరతుల గురించి కిరాయిదారు చెప్పిందే చెల్లుతుంది, కాదని అవతలివాళ్లు రుజువు చేస్తే తప్ప. అంటే నోటీసు గడువు, పెయింటింగు కోత విషయంలో రుజువు బరువు వాళ్ల మీదే.

లీవ్ అండ్ లైసెన్స్‌కైతే స్టాంపు డ్యూటీ మొత్తం కిరాయి మీద దాదాపు 0.25 శాతం, పట్టణంలో రిజిస్ట్రేషన్ ఫీజు 1,000. ఇంత చిన్న ఖర్చుకు నోటరీతో సరిపెట్టే ఏజెన్సీలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మసి, మేకుల బెజ్జాల సంగతి: ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో మామూలు వాడకం వల్ల వచ్చే అరుగుదల కిరాయిదారు నెత్తిన పడదని ఉంది. చంద్రపూర్‌లో జాలీకి పట్టిన నలుపు మామూలు వాడకం కాకపోతే ఇంకేంటి?

ప్రాణహిత ఒడ్డు
చూశారా, అన్నీ ఓనర్ వైపే చూపిస్తున్నాయి.

బల్లార్షా భాయ్
రెరాకు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థకు) కంప్లైంట్ పెడితే ఏజెన్సీ లైసెన్స్ పోతుందని విన్నా?

కచేరీ గుమాస్తా
కాదు. 2016 రెరా చట్టం ఏజెంట్లను పట్టుకునేది అమ్మకాల విషయంలోనే. కిరాయి బ్రోకర్లు దాని కిందికి రారు. ఏజెన్సీని పట్టుకునే దారి వినియోగదారుల కమిషన్. కమీషన్ తీసుకుని సేవ సరిగ్గా చేయలేదన్న వాదన. 2019 చట్టం ప్రకారం అక్క తను ఉండే జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, చంద్రపూర్ రానక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, 5 లక్షల లోపు ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. ముందు 1915కి ఫోన్ చేసినా ఒకోసారి పని జరుగుతుంది.

ఇల్లు నాదే
అక్కడ ఏజెన్సీ సేవ మీద వాదిస్తారు సరే, డిపాజిట్ ఓనర్ దగ్గర ఉంటే? ఇల్లు కిరాయికివ్వడం సేవ కాదంటారు ఓనర్ తరఫు వకీలు. నేనైతే కేసు కన్నా ముందు ఓనర్‌ని ఒక్క మాట అడగమంటాను: "నా డిపాజిట్ మీకు ఎంత ముట్టింది?" రాతలో అడగండి.

తుకుం కోడలు
అడిగాను! "18,000 ముట్టాయి" అని రాశారు. నేను కట్టింది 27,000, రసీదు ఏజెన్సీ పేరున ఉంది, పైసలు వేసింది ఆ మేనేజర్ సొంత ఫోన్‌పేకి. రెండు నెలల డిపాజిట్టే తీసుకుంటామని ఓనర్‌కు చెప్పారట. కరారు మరాఠీలో ఉంది, దాంట్లో 27,000 అనే ఉంది. ఓనర్ తరఫున సంతకం పెట్టింది కూడా మేనేజరే. రిజిస్టర్ కాలేదు, నోటరీ ఒక్కటే.

ఇల్లు నాదే
ఇంకేం, ఆ 9,000 ఏజెన్సీ నొక్కేసింది. దానికి ఓనర్ బాధ్యుడెలా అవుతాడు? ఆయన కూడా మోసపోయాడు.

ప్రాణహిత ఒడ్డు
తన తరఫున పైసలు తీసుకోమని కూర్చోబెట్టింది ఎవరండీ? ఏజెంటు చేతికి ఇచ్చింది ఓనర్‌కు ఇచ్చినట్టే. ఏజెన్సీ దగ్గర రాబట్టుకోవడం ఆయన తిప్పలు. కాంట్రాక్టు చట్టం 218లో ఏజెంటు తన యజమాని పేరున వసూలు చేసింది యజమానికి కట్టాలనే ఉంది.

కచేరీ గుమాస్తా
ఇద్దరి పేర్లూ పెట్టి ఒకే నోటీసు పంపండి అక్కా. ఓనర్ మెసేజ్ స్క్రీన్‌షాట్, రసీదు, ఫోన్‌పే చరిత్ర, నీలం టిక్కులు అన్నీ జత చేయండి. ఓనర్‌కే ఇప్పుడు ఏజెన్సీ మీద కోపం ఉంది కాబట్టి కలిసొస్తారు. జవాబు రాకపోతే చంద్రపూర్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టొచ్చు. రాజీ కుదిరితే ఆ తీర్పు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు.

బల్లార్షా భాయ్
రాజీ అంటే 27,000కి 18,000 తీసుకోమంటారు. నేనొప్పుకోను.

తుకుం కోడలు
నేనూ ఒప్పుకోను భాయ్. క్లీనింగు 2,500 వరకు వదులుకుంటా, అంతకు మించి కాదు. నోటీసు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో పోయింది. మా ఆయన మాత్రం ఓనర్ కవరే పైన పెట్టి ఫోటో తీసుకున్నారు.

ఇల్లు నాదే
ఏజెన్సీ కవర్ వాపసు వస్తే చింపకండి, అలాగే సీలుతో దాచండి.