అను ఫాంట్ల తెలుగు పుస్తకాలను చదివి వినిపించే దారి ఉందా?

మా తమ్ముడికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బు. చూపు దాదాపు పోయింది. గ్రూప్-2కు చదువుతున్నాడు. తెర మీది రాతను చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ వాడతాడు, యూనికోడ్ (కంప్యూటర్లన్నీ గుర్తించే ప్రామాణిక పద్ధతి) తెలుగును అది బాగానే చదువుతుంది. చిక్కంతా అను ఫాంట్లలో కూర్చిన పీడీఎఫ్‌లతోనే. తెర మీద మనకు కనిపించేది తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. వాడికి వినబడేది అర్థంలేని గోల. నేను చదివి పెడతానన్నా, తనంతట తానే చదువుకోవాలంటాడు. అదే న్యాయం కూడా.

ఒత్తులు చెదరకుండా అను నుంచి యూనికోడ్‌కు మార్చే సాధనం ఏదైనా ఉందా? స్కాన్ చేసిన పేజీలకు ఏ ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను టెక్స్ట్‌గా మార్చే సాధనం) మేలు? చూపులేనివారి కోసం ఉన్న ఆన్‌లైన్ గ్రంథాలయం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకున్నవారు ఉంటే, అక్కడ పోటీ పరీక్షల తెలుగు పుస్తకాలు దొరుకుతున్నాయా? ఎన్‌వీడీఏతో వచ్చే ఈస్పీక్ అనే కంప్యూటర్ గొంతును గంటలకొద్దీ వినలేకపోతున్నాడు. అంతకంటే సహజమైన తెలుగు గొంతు తెలిస్తే దయచేసి చెప్పండి.