టోనీ బెన్ 'ఫాదర్ ఆఫ్ ది హౌస్' ఎందుకు కాలేదు?

ప్రశ్న (సభాపర్వం): బ్రిటన్ లేబర్ పార్టీ నేత టోనీ బెన్ 1950లో బ్రిస్టల్ సౌత్ ఈస్ట్ నుంచి పార్లమెంటు దిగువసభ కామన్స్‌లో అడుగుపెట్టి, 2001లో చెస్టర్‌ఫీల్డ్ ఎంపీగా తప్పుకున్నారు. మరి సభలో అందరికంటే సీనియర్‌కి దక్కే ఆ హోదా ఆయనకెందుకు రాలేదు? 1960లో తండ్రి బిరుదు సంక్రమించి సీటు పోవడమే కారణమా? బిరుదు వదులుకునే పద్ధతి కూడా ఎవరైనా వివరంగా చెప్పగలరా?

జవాబు (పాత గెజిట్): ఆ హోదాకు మొత్తం ఏళ్లు లెక్కలోకి రావండి, తెగకుండా సాగిన సర్వీసే చూస్తారు. ఒక్కసారి ఓడినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. బెన్‌కు రెండుసార్లు తెగింది. మొదటిది 1960–63, బిరుదు గొడవ. రెండోది 1983: పునర్విభజనలో పాత నియోజకవర్గం రద్దయింది, బ్రిస్టల్ ఈస్ట్‌లో నిలబడి ఓడారు. 1984 మార్చి 1న చెస్టర్‌ఫీల్డ్ ఉపఎన్నికతో తిరిగొచ్చారు.

అయితే అసలు అడ్డం మాజీ ప్రధాని ఎడ్వర్డ్ హీత్. ఆయన 1950 ఫిబ్రవరి సాధారణ ఎన్నికల్లో గెలిచారు, బెన్ అదే ఏడాది నవంబర్ 30 ఉపఎన్నికలో. ఇద్దరూ 2001లోనే తప్పుకున్నారు. కాబట్టి బెన్ సర్వీసు ఒక్కరోజు కూడా తెగకపోయినా హీత్ తర్వాతే ఉండేవారు. హీత్ తర్వాత హోదా 1962లో వచ్చిన టామ్ డాలియెల్‌కి వెళ్లింది.

జవాబు (రాజ్యాంగం_రమణ): బిరుదు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది తప్పుగా రాస్తుంటారు. 1960 నవంబర్ 17న తండ్రి వైకౌంట్ (వంశపారంపర్య ప్రభు బిరుదు) స్టాన్స్‌గేట్ చనిపోయారు. (1929–31లో భారత వ్యవహారాల మంత్రి ఆయనే. బ్రిస్టల్ సీటు బెన్‌కంటే ముందు 1942 రాయబారం నడిపిన క్రిప్స్‌ది.) పెద్దన్న మైకేల్ 1944లోనే వైమానిక దళంలో ఉండగా మరణించడంతో బిరుదు బెన్‌కు వచ్చింది, అలాంటి ప్రభువుల చోటు ఎగువసభ లార్డ్స్‌లో కాబట్టి దాంతోపాటే కామన్స్‌కు అనర్హత. 1961 మే 4 ఉపఎన్నికలో నిలబడి 23,275 ఓట్లతో గెలిచారు, కన్జర్వేటివ్ సెయింట్ క్లెయిర్‌కి 10,231. ఎన్నికల కోర్టు మాత్రం అనర్హుడని తెలిసే ఓటేశారు కాబట్టి ఆ ఓట్లు చెల్లవంటూ సీటు ఓడినవారికి ఇచ్చింది. ప్రజాతీర్పును ఇంత బాహాటంగా తోసేసిన సందర్భాలు అరుదు. 1963 జూలై 31 సాయంత్రం, బిరుదు వదులుకునే వీలిచ్చిన పీరేజ్ చట్టానికి ఆమోదం పడగానే, 6 గంటల 22 నిమిషాలకు బెన్ బిరుదు వదులుకున్నారు. ఆ అవకాశం వాడుకున్న మొదటి వ్యక్తి ఆయనే. చట్టం మారితే తప్పుకుంటానన్న సెయింట్ క్లెయిర్ మాట నిలబెట్టుకుని రాజీనామా చేశారు, ఆగస్టు 20న బెన్ మళ్లీ గెలిచారు.

పద్ధతి ఇదీ: సంతకం చేసిన త్యాగపత్రం లార్డ్ ఛాన్సలర్‌కు (న్యాయ వ్యవహారాలు చూసే మంత్రి) అందాలి. గడువు వారసత్వం వచ్చినప్పటి నుంచి 12 నెలలు. అప్పటికే ఎంపీ అయితే ఒక్క నెలే, ఆ నెలలో సభలో కూర్చోకూడదు, ఓటేయకూడదు. చాలామంది ఈ నెల గడువునే మరిచిపోతారు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోలేరు. తర్వాత జీవితకాల బిరుదు (వారసులకు వెళ్లనిది) మాత్రం తీసుకోవచ్చు, ప్రధాని కావడానికి 1963లోనే ఎర్ల్ అనే వంశ బిరుదు వదులుకున్న డగ్లస్-హోమ్ 1974లో అలాగే లార్డ్స్‌కు తిరిగెళ్లారు.

సభాపర్వం: ధన్యవాదాలండి. మరి ఇప్పుడూ ఎంపీ కావాలంటే ఈ పత్రం ఇవ్వాల్సిందేనా?

రాజ్యాంగం_రమణ: అక్కర్లేదు. 1999 చట్టం వంశపారంపర్య ప్రభువుల్లో 92 మందిని తప్ప మిగతావాళ్లను లార్డ్స్ నుంచి పంపేసింది, అలా బయటికొచ్చినవాళ్లకు కామన్స్ అనర్హత కూడా పోయింది. వైకౌంట్ థర్సో బిరుదు వదలకుండానే 2001లో ఎంపీ అయ్యారు.

పాత గెజిట్: ఒక్క మాట కలుపుతాను. ఫాదర్ హోదా ఉత్త అలంకారం కాదు, స్పీకర్ తప్పుకున్నప్పుడు కొత్త స్పీకర్ ఎన్నికకు అధ్యక్షత ఆయనదే. 2000 అక్టోబర్‌లో 12 మంది పోటీపడితే, బ్యాలెట్ పెట్టమని బెన్ పట్టుబట్టారు. హీత్ ఉన్న నిబంధనలకే కట్టుబడి ఒక్కొక్క పేరు మీదా వరసగా ఓటింగ్ జరిపించారు. గంటల తరబడి సాగాక మైకేల్ మార్టిన్ ఎన్నికయ్యారు. రహస్య బ్యాలెట్ నిబంధన మరుసటి ఏడాది వచ్చింది. నా దృష్టిలో ఆ వాదనలో న్యాయం బెన్‌దే, అధికారం మాత్రం హీత్‌ది.

రాజ్యాంగం_రమణ: నిజమే. ఇంకొకటి, ఈ త్యాగం బిరుదు వదులుకున్నవారి జీవితకాలానికే వర్తిస్తుంది, వారసుడిని తాకదు. అందుకే 2014 మార్చి 14న బెన్ పోయాక స్టాన్స్‌గేట్ బిరుదు పెద్దకొడుకు స్టీఫెన్‌కి వచ్చింది.