న్యూజెర్సీలో ఆనప, బీర, చిక్కుడు ఎప్పుడు వేయాలి?

పాలకొండ పెరడు:
వచ్చే మార్చిలో న్యూజెర్సీలోని ఎడిసన్‌కు మారుతున్నాం. శ్రీకాకుళం జిల్లాలో మృగశిర కార్తెలో చినుకు పడగానే గింజ పెట్టడం అలవాటు. అక్కడ ఇంటి వెనక పదిహేను అడుగుల పొడవు, పదడుగుల వెడల్పున ఎండ పడే జాగా ఉంది. ఆనప, బీర, వంగ, గోంగూర, చిక్కుడు కావాలి. మృగశిర దాకా ఆగితే ఆలస్యమవుతుందా? కరివేపాకు మొక్క పట్టుకెళ్లొచ్చా?

బొబ్బిలి పాదు:
ఆలస్యమేనండీ. అక్కడ వాన ఏడాది పొడుగునా పడుతుంది కాబట్టి చినుకు చూసి లాభం లేదు, చలిని చూడాలి. ఏప్రిల్ చివరిదాకా మంచు కాటేయొచ్చు. అక్టోబరు రెండో సగంలో మళ్లీ మొదలవుతుంది. మట్టిలో నాలుగంగుళాల లోతున థర్మామీటరు గుచ్చి చూడండి. 18 డిగ్రీల సెల్సియస్ రాకముందే ఆనప గింజ పెడితే మొలకెత్తకుండానే కుళ్లిపోతుంది.

అందుకే నారు ఇంట్లోనే పోసుకోవాలి. వంగ మార్చి మధ్యలో వేస్తే ఎనిమిది వారాల్లో నాటుకి వస్తుంది. ఆనప, బీర ఏప్రిల్ మూడో వారంలో చాలు. వీటి వేరు కదిలితే పాదు తేరుకోదు, కాబట్టి అడుగున చిల్లులు పెట్టిన కాగితపు గ్లాసులో గింజ పెట్టి, నాటేటప్పుడు గ్లాసు చింపి మట్టిముద్దతో సహా దించండి. కిటికీ వెలుతురు చాలదు, నారు సన్నగా సాగి పడిపోతుంది. ఎల్‌ఈడీ ట్యూబులైటు మొక్కల మీద మూడు నాలుగు అంగుళాల ఎత్తున కట్టి రోజుకు 14 గంటలు వెలిగించండి. ఇక్కడిలా రెండు పూటలా నీళ్లు పోస్తే మాత్రం నారుకుళ్లు ఖాయం. పైమట్టి ఆరాకే పోయాలి.

రాత్రి చలి 12 డిగ్రీలకు దిగడం మానాక, అంటే మే మూడో వారం ప్రాంతంలో నాటండి. దానికి వారం పది రోజుల ముందునుంచి బయట అలవాటు చేయాలి: మొదటిరోజు నీడలో గంట, తర్వాత రోజూ ఇంకాస్త సేపు, ఇంకాస్త ఎండ. ఇది మానేస్తే ఆకులు తెల్లగా మాడిపోతాయి.

విజీనారం తోట:
చిక్కుడు సంగతి నేను చెప్తాను, చాలామంది బోల్తాపడేది అక్కడే. మన పందిరి చిక్కుడు పొద్దు తగ్గితేనే పూస్తుంది. ఎడిసన్‌లో జూన్‌లో పగలు 15 గంటలు. పాదు పందిరంతా కమ్మేసి సెప్టెంబరులో పూత మొదలుపెడుతుంది, కాయ ముదిరేలోగా మంచు వచ్చి చంపేస్తుంది. పొద్దుతో పనిలేని పొట్టి రకాలు వేయాలి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే.

గోంగూరకు అదే పొద్దు మేలు చేస్తుంది. వేసవంతా పూత జోలికి పోకుండా ఆకే వేస్తుంది, రెండు వారాలకోసారి చివరలు తుంచుకోవచ్చు. విత్తనం మాత్రం అక్కడ ముదరదు, ఏటా కొనుక్కోవాల్సిందే.

కరివేపాకు మొక్క వద్దండీ. నిమ్మజాతి చెట్లను చంపే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు దాని మీద బతుకుతుంది, అందుకే మొక్కనే కాదు, పచ్చి ఆకును కూడా రానివ్వరు. అక్కడే కొని 12 అంగుళాల కుండీలో పెంచండి. రాత్రులు 10 డిగ్రీలకు దిగకముందే లోపల పెట్టేయాలి. చలికాలంలో ఆకు రాలిస్తే చచ్చిందనుకుని నీళ్లు గుమ్మరించకండి, వేరు కుళ్లేది అప్పుడే. రెండంగుళాల లోతు ఆరాక ఓ గ్లాసు చాలు. ఎరువు మార్చి దాకా వద్దు. విత్తనాలు కూడా చెప్పకుండా సామానులో వేసుకోవద్దు, పట్టుకుంటే జప్తు.

పాలకొండ పెరడు:
చాలా సాయం చేశారండీ. నేల, గెత్తం సంగతి? ఆనపకి మగపూలే వచ్చి పిందె దిగకపోతే?

బొబ్బిలి పాదు:
ఇల్లు 1978కి ముందు కట్టిందైతే గోడ పక్క మట్టిలో పాత రంగుల సీసం ఉండొచ్చు. రట్గర్స్ యూనివర్సిటీ మట్టి పరీక్షకు నమూనా పంపాకే ఆకుకూరలు వేయండి. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున చెక్కతో ఎత్తు మడులు రెండు కట్టుకుంటే మధ్యన రెండడుగుల దారి మిగులుతుంది. పదంగుళాల ఎత్తుకి ఒక్కో మడికి సుమారు 27 ఘనపుటడుగుల మట్టి పడుతుంది, అక్కడి లెక్కన ఒక క్యూబిక్ యార్డు. అందులో మూడోవంతు మాగిన కంపోస్టు వేయండి. ఎత్తు మడి వసంతంలో త్వరగా వేడెక్కుతుంది. పచ్చి పేడ వద్దు.

ఆనపకి పొద్దు ఎక్కువున్నప్పుడు, నత్రజని ఎక్కువైనప్పుడు మగపూలే వస్తాయి. ఏడెనిమిది ఆకులప్పుడు తీగ చివర తుంచేయండి, పక్క కొమ్మల మీద ఆడపూలు వస్తాయి. పూలు విచ్చేది సాయంత్రం, ఆ వేళకు తేనెటీగలు ఉండవు. మగపువ్వు కోసి రేకులు తీసేసి, పిందె ఉన్న పువ్వు మధ్యలో మెత్తగా రుద్దండి. పొద్దున్న దాకా ఆగితే పువ్వు వాడిపోతుంది.