ఉంగరం వేలు విడిగా ఎందుకు లేవదు?

ప్రశ్న – ఆలస్యపు శిష్యుడు

నా వయసు 46. ఏడు నెలలుగా కీబోర్డు నేర్చుకుంటున్నాను. మా మాస్టారు రోజూ నా కుడిచేతి ఉంగరం వేలినే తిడుతున్నారు. "అది బద్ధకంగా ఉంది, ఒక్కదాన్నే లేపు" అంటారు. లేపబోతే చిటికెన వేలూ మధ్య వేలూ దాంతోపాటే బయల్దేరతాయి.

నిన్న ఎవరో ఒక పరీక్ష చెప్పారు. అరచేతిని బల్ల మీద ఆనించి, మధ్య వేలిని మాత్రం లోపలికి మడిచి దాని కణుపు బల్లకి తగిలేలా పెట్టాలి. తర్వాత మిగతా వేళ్లను ఒక్కొక్కటే లేపాలి. బొటనవేలు, చూపుడు వేలు, చిటికెన వేలు హాయిగా లేచాయి. ఉంగరం వేలు దగ్గరికి వచ్చేసరికి జిగురేసి అంటించినట్టు ఉండిపోయింది! మా మేనల్లుడు "నరం ఏదో నొక్కుకుపోయింది మామయ్యా" అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్.

ఇంకో అనుమానం. గంట సేపు వాయిస్తే నొప్పి వేళ్లలో రాదు, మోచేతికి కాస్త కింద వస్తుంది. పని చేసింది వేళ్లు కదా, నొప్పి అక్కడెందుకు?

జవాబు – పగటికల

మీది చదివి ఇంట్లో ఐదుగురమూ బల్ల చుట్టూ కూర్చున్నాం. ఒక్కరికీ సరిగ్గా లేవలేదు. మా అమ్మాయిది ఓ వెంట్రుకవాసి లేచినట్టుంది, అదీ మొహం ఎర్రబడేదాకా తంటాలు పడితే. కాబట్టి మీ నరం సంగతి నాకు తెలీదు గానీ, మీరు ఒంటరివారు మాత్రం కాదు.

జవాబు – కీళ్లక్క

నేను ఫిజియోథెరపిస్టును, చేతుల కేసులే ఎక్కువ చూస్తాను. ముందు మీ రెండో అనుమానం తీరుస్తాను, మొదటిదానికి జవాబు అందులోనే ఉంది.

వేళ్లను మడిచే, చాపే పెద్ద కండలు వేళ్లలో లేవండి. వేలు అంటే ఎముకలు, కీళ్లు, టెండన్లు (కండని ఎముకకి కలిపే గట్టి తాళ్లు), చర్మం. అరచేతిలో కొన్ని చిన్న కండలున్నాయి, వేళ్లను పక్కలకి విప్పడం లాంటి పనులు వాటివి. అసలు బరువు లాగేవి మోచేతికీ మణికట్టుకీ మధ్య ఉంటాయి. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకుని కుడి వేళ్లను ఆడించి చూడండి, చర్మం కింద గుబగుబమని కదులుతాయి. అక్కణ్ణుంచి పొడుగాటి తాళ్లలాంటి టెండన్లు మణికట్టు దాటి వేళ్లదాకా వస్తాయి. తోలుబొమ్మను ఆడించేవాడు తెర వెనక ఉన్నట్టే. అలిసేది వాడు కనక నొప్పి అక్కడ.

కండ లాగగలదు గానీ తొయ్యలేదు. అందుకే ప్రతి కీలుకీ కనీసం రెండు వైపుల కండలు కావాలి. మోచేతిని మడవడానికి ముందువైపువి, చాపడానికి వెనకవైపుది. వేలిని మడిచేవి ముంజేతికి అరచేయి వైపున, లేపేవి దాని వీపు వైపున.

ఇప్పుడు మీ ఉంగరం వేలు. బొటనవేలు కాక మిగతా నాలుగు వేళ్లనూ లేపే కండ ఒకటే, దాన్నుంచి నాలుగు టెండన్లు చీలి వస్తాయి. చూపుడు వేలికీ చిటికెన వేలికీ అదనంగా చెరొక సొంత కండ ఉంది. మధ్య వేలికీ ఉంగరం వేలికీ మామూలుగా ఆ భాగ్యం లేదు. పైగా చేతి వెనక ఈ టెండన్ల మధ్య అడ్డంగా చిన్న పట్టీలు ఉంటాయి. మీరు మధ్య వేలిని మడవగానే దాని టెండన్ ముందుకి సాగి, పట్టీ ద్వారా ఉంగరం వేలి టెండన్‌ని కూడా ముందుకి ఈడ్చుకుపోతుంది. దాంతో ఆ టెండన్ వేలి దగ్గర వదులైపోతుంది. వదులైన తాడును కండ ఎంత లాగినా వేలు ఏం లేస్తుంది? బద్ధకం కాదు, కట్టేసి ఉంది. ఈ పట్టీలు అందరికీ ఒకేలా ఉండవు, పగటికల గారి అమ్మాయికి కాస్త లేవడం అందుకే కావచ్చు.

తిమ్మిరి, స్పర్శ తగ్గడం, వేలు ఉన్నట్టుండి వేలాడిపోవడం, ఇవి ఉంటే డాక్టరుకి చూపించాలి. బల్ల పరీక్షలో ఓడిపోవడం జబ్బు కాదు.

ఇంకొకటి. ఒక పెన్నుని పిడికిలిలో గట్టిగా పట్టుకుని, మణికట్టుని లోపలికి పూర్తిగా వంచండి. అప్పుడు ఎవరినైనా పెన్ను లాగమనండి.

ఆలస్యపు శిష్యుడు

సులువుగా లాగేశాడు, మా మేనల్లుడే! గట్టిగా పట్టుకోవాలనుకుంటూనే ఉన్నా, పట్టు రాలేదు. ఇదేం మాయ?

కీళ్లక్క

మడిచే కండ మణికట్టుని దాటి వస్తుందని చెప్పాను కదా. మణికట్టు లోపలికి వంగేసరికే అది చాలావరకు పొట్టిదైపోతుంది, ఇంకా పొట్టిదై లాగడానికి చోటు మిగలదు. వెనకవైపు టెండన్లేమో బిగుసుకుని వేళ్లను తెరవమంటాయి. మణికట్టు కొద్దిగా వెనక్కి ఉన్నప్పుడే పట్టు బలంగా ఉంటుంది. కీబోర్డు ముందు మీ మణికట్టు ఎలా ఉందో ఒకసారి ఫోటో తీయించుకుని చూడండి. ముంజేయి నొప్పికి నా మొదటి అనుమానం దాని మీదే.

జవాబు – సరిగమల్లో తప్పిపోయా

వేళ్లకి బలమని చెప్పి అమ్మే స్ప్రింగు పరికరాల జోలికి మాత్రం పోకండి. జర్మన్ స్వరకర్త షూమన్ కూడా యువకుడిగా ఉన్నప్పుడు వేళ్ల కోసం ఒక యంత్రం వాడాడు. ఆయన కుడిచేయి పాడవడానికి కారణం అదేనా కాదా అని ఇప్పటికీ వాదించుకుంటున్నారు గానీ, 1830ల మొదట్లోనే పియానో కచేరీల ఆశ వదులుకుని స్వరరచన వైపు వెళ్లిపోయాడు. మనం వదులుకుంటే వెళ్లడానికి అలాంటి చోటు కూడా లేదు!

కీళ్లక్క

నిజమే. సాధనతో ఆ పట్టీలు తెగవు, తెగకూడదు కూడా. మెరుగయ్యేది మెదడు. పక్క వేళ్లను కదలకుండా ఉంచడం, ఉన్న కొద్దిపాటి కదలికనే సరిగ్గా వాడటం దానికి అలవాటవుతుంది. వేలిని పైకి లేపాలని పోరాడకండి, మీట వదిలేంత ఎత్తు చాలు.

ఆలస్యపు శిష్యుడు

నిన్న మాస్టారి చేత కూడా బల్ల మీద చేయించాను. ఆయనకీ లేవలేదు. కాసేపు తన చేతి వంకే చూసుకుని, "సరే, స్కేలు మొదలెట్టు" అన్నారు.