సమస్య: నీటిలోన రెండు నిప్పులుండె

నిర్వాహకుడు: పొద్దున్నుంచి ఈ పాదం నన్ను వదలట్లేదు, అందుకే పెడుతున్నాను. నీటి రసాయన ఫార్ములా హెచ్₂ఓ మీదే పూరించాలి, సముద్రంలో మండే బడబాగ్ని అని తప్పించుకుంటే ఒప్పుకోను.

మలక్‌పేట మాస్టారు:
అగ్గి తగల మండు హైడ్రోజనునకును
ముందు నిలిచె రెండు ముచ్చటగను
ఫార్ములాను చదివి భావించి చూడుమా
నీటిలోన రెండు నిప్పులుండె

తార్నాక: మాస్టారూ, అగ్గికి హైడ్రోజన్‌తో యతి వేయడం మీకే చెల్లింది. కానీ రెండుని ముందు నిలబెడితే 2హెచ్₂ఓ అవుతుంది, అంటే నీటి అణువులే రెండు, ఒక్కోదానిలో రెండేసి చొప్పున హైడ్రోజన్లు నాలుగు, సమస్యలో ఉన్నవి రెండు నిప్పులే కదండీ! నా పూరణ:

హెచ్చు కాళ్ళ కింద నిమిడెను రెండంకె
ముందు పెట్టబోకు మోసమగును
మంటలార్పు గాని మండునవే చూడ
నీటిలోన రెండు నిప్పులుండె

అంబర్‌పేట: ఆ రెండో పాదం ఎవరికో అందరికీ తెలుసు. హెచ్ అక్షరాన్ని హెచ్చు చేసి కాళ్ళు పెట్టడం చాలా నచ్చింది. ఆక్సిజన్‌ని వదిలేశారు, పర్లేదు, ఓ పక్కన అంకె లేకపోతే ఒకటని లెక్క, అదెలాగూ తాను మండదు, మంటను మండనిస్తుంది.

మలక్‌పేట మాస్టారు: తొందరపడకండి. 1814లో రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ నీటిని 2హెచ్+ఓ అనే రాశాడు, రెండు ముందే ఉంది. అంకెను కిందికి దించింది మరో రసాయన శాస్త్రవేత్త లీబిగ్, అదీ 1834లో.

తార్నాక: బెర్జీలియస్ మధ్యలో ప్లస్ పెట్టాడు, అందుకని ఆ రెండు హెచ్‌కి మాత్రమే చెందింది. మీ పద్యంలో ప్లస్ ఏదీ? అది లేకపోతే ముందున్న అంకె మొత్తం ఫార్ములాని గుణిస్తుంది. ఇదివరకు సున్నం సమస్యప్పుడూ మీతో ఇదే గొడవ, సున్నం ఫార్ములాలో బ్రాకెట్ వదిలేసి సీఏఓహెచ్₂ అన్నారు, ఒక ఆక్సిజన్ ఎగిరిపోయింది. సీఏ(ఓహెచ్)₂ అని రాస్తేనే బయటి రెండంకె లోపలి ఓ, హెచ్ రెండింటికీ వర్తిస్తుంది.

మలక్‌పేట మాస్టారు: ఆ బ్రాకెట్‌ని ఆటవెలదిలో ఎక్కడ ఇరికించమంటారు, యతి తప్పితే మళ్ళీ మీరే అంటారు. సరే, రెండో పాదం ఇలా చదువుకోండి:
కింద నిలిచె రెండు కిమ్మనకను

నిర్వాహకుడు: ఇది కుదిరింది. "ముచ్చటగను" గణాల కోసం వచ్చిన మాట, "కిమ్మనకను" మాత్రం పని చేస్తోంది, అక్షరం కింద చిన్నగా ఉండే అంకె నిజంగా అలాగే ఉంటుంది. అయినా ఈసారి నా ఓటు తార్నాక గారికే, మంటలార్పేదానిలో మండేవి చూపించిన ఆ మూడో పాదం కోసం.

అంబర్‌పేట: నాదీ అటే. మాస్టారూ, సున్నం పూరణ కూడా బ్రాకెట్‌తో తిరగరాయండి, మీ చేతిలో అయితే యతి తప్పదు.